ల్యాగ్ అన్నారు, అరవై ఏళ్ళుగా చూస్తున్నారు: ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’పై ప్రేక్షకుల మాట (కేస్ స్టడీ)

1965 డిసెంబర్ 9, గురువారం రాత్రి ఏడున్నరకి అమెరికాలో సీబీఎస్ ఛానెల్ ఒక అరగంట కార్టూన్ వేసింది. అంతకు కొద్దిరోజుల ముందు ప్రివ్యూ చూసిన ఛానెల్ పెద్దలు పెదవి విరిచారు. నిదానంగా ఉంది, పిల్లల కార్టూన్‌కి జాజ్ సంగీతమేమిటి, పిల్లల గొంతులు సాఫీగా లేవు, మధ్యలో బైబిల్ చదవడమేమిటి, నవ్వుల ట్రాక్ ఎందుకు పెట్టలేదు అన్నారు. అప్పటికే షెడ్యూల్లో పడిపోయింది కాబట్టి ఒక్కసారి వేసి ఊరుకుందామన్న ధోరణిలో మాట్లాడారు. తీసినవాళ్ళలో నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్ కూడా కథానాయకుడైన కుర్రాడు చార్లీ బ్రౌన్‌ని చేతులారా చెడగొట్టామేమో అనుకున్నారు. ఆ రాత్రి ఆ సమయానికి నడుస్తున్న టీవీల్లో దాదాపు 45 శాతం దీన్నే చూపించాయి. అంటే కోటిన్నర పైచిలుకు ఇళ్ళు. ఆ వారం మొత్తంలో ‘బొనాంజా’ సీరియల్ ఒక్కటే దీని ముందుంది. ఆ తర్వాత ఎమ్మీ, పీబడీ అవార్డులు రెండూ వచ్చాయి.

పెద్దలకి బుర్ర లేదు, జనానికి మనసుంది అని దీన్ని చెప్పుకోవడం మామూలే. పని నేర్చుకునేవాడికి ఆ కథ ఎందుకూ కొరగాదు. ప్రివ్యూ గదిలో అన్న ప్రతి మాటా ఇవాళ మొదటిసారి చూసే ప్రేక్షకుడూ అంటున్నాడు. నిదానం, దిగులు, గొంతులు తడబడుతున్నాయి, బొమ్మలు గెంతుతున్నాయి, చివర్లో ప్రసంగం. ఈ ఫిర్యాదుల్లో అబద్ధం ఒక్కటీ లేదు. వాటికి చెప్పే మందు దగ్గరే తేడా వస్తుంది. ప్రేక్షకుడు తనకేమనిపించిందో సరిగ్గా చెబుతాడు, ఎందుకనిపించిందో మాత్రం చాలాసార్లు పొరపాటుగా చెబుతాడు. అందుకే ఒక్కో అభిప్రాయాన్నీ అది పుట్టిన షాట్‌కి, ఫ్రేమ్‌కి, శబ్దానికి ముడివేసి చూడాలి. ఈ కార్టూన్ అందుకు బాగా పనికొస్తుంది. ఇందులో తప్పులుగా కనిపించేవన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడ్డాయి, ఒకటి లాగితే పక్కది కదులుతుంది.

చేతిలో ఉన్న సరుకు

ఈ పాత్రలు పుట్టిన చార్ల్స్ షుల్జ్ ‘పీనట్స్’ కామిక్ స్ట్రిప్ 1950 అక్టోబర్‌లో మొదలైంది. ఆ బొమ్మల్ని కదిలించిన అనుభవం మెలెండెజ్‌కి ముందే ఉంది, 1959 నుంచి ఫోర్డ్ కార్ల ప్రకటనలకి చేశాడు. 1965లో కోకా కోలా స్పాన్సర్‌గా ముందుకొచ్చింది. చేతిలో ఉన్నది ఆరు నెలలు. ఇచ్చిన బడ్జెట్ 76,000 డాలర్లు, దాని మీద ఇంకో 20,000 దాకా ఖర్చు తేలింది. నిడివి సుమారు 25 నిమిషాలు. అందులో వాడిన బొమ్మలు 13,000 పైన, కదలిక సెకనుకి 12 బొమ్మల లెక్క.

25 నిమిషాలంటే 1,500 సెకన్లు. సెకనుకి 12 చొప్పున నిండుగా గీస్తే 18,000 కావాలి. పైగా నోరు, చెయ్యి, నేపథ్యం వేరువేరు సెల్స్ (పారదర్శక రేకులు) మీద ఉంటాయి గనక ఒక్క ఫ్రేమ్‌లోనే రెండు మూడు బొమ్మలుండొచ్చు. అయినా 13,000తో సరిపెట్టారంటే పాత్రలు కదలకుండా నిలబడ్డ సమయం చాలా ఉన్నట్టే. కదిలితే ఖర్చు. అందుకని మాట్లాడేటప్పుడు నోరొక్కటే ఆడుతుంది, వినేవాళ్ళు రెప్పలార్పుతూ నిలబడతారు. ‘ల్యాగ్’ అన్న మాట మొదట పుట్టేది ఇక్కడే.

ల్యాగ్ ఎక్కడుంది

నిదానంగా ఉందన్నవాళ్ళని ఎక్కడ అని అడిగితే ఎక్కువగా చూపించే చోట్లు రెండు. మొదటిది ప్రారంభం. గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, వెనక కోరస్ పాట సాగుతుంది, చార్లీ బ్రౌన్, అతని స్నేహితుడు లైనస్ నడిచొచ్చి ఇటుకల పిట్టగోడకి ఆనుకుంటారు. క్రిస్మస్ వస్తోంది గానీ నాకు సంతోషంగా లేదని చార్లీ బ్రౌన్ మొదటి మాటల్లోనే చెప్పేస్తాడు. రెండోది లైనస్ అక్క లూసీ అయిదు సెంట్ల ఫీజు తీసుకుని ‘మానసిక వైద్యం’ చేసే బడ్డీ. రెండు చోట్లా కెమెరా కదలదు, పాత్రలు కదలవు, మాటలే.

ట్రిమ్ చేస్తే సరిపోతుందనిపిస్తుంది. చేసి చూడొచ్చు. గోడ సీన్‌లో మాటకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీల్లోంచి సగం తీసేస్తే డైలాగ్ అంతా ఫిర్యాదులా వినిపిస్తుంది, కుర్రాడు విసిగిస్తున్నాడనిపిస్తుంది. ఆ ఖాళీల్లో అతను ఆలోచిస్తున్నాడని మనం అనుకుంటున్నాం. బొమ్మ ముఖంలో రెండు చుక్కల కళ్ళు, ఒక గీత నోరు తప్ప ఏమీ లేవు, ఆలోచన చూపించడానికి నటన లేదు. ఆ పని అంతా సమయం మీద పడింది.

ల్యాగ్‌కి ఇంకో కారణం అలవాటు. ఇవాళ్టి పిల్లల షోలలో షాట్ రెండు మూడు సెకన్లకి మారిపోతుంది. అలాంటిది చూసి లేచిన పిల్లవాడి ముందు ఇది పెడితే మొదటి అయిదు నిమిషాలు పోయినట్టే. ఆ పిల్లవాడి ‘బోర్’ అన్న మాటని ఈ కార్టూన్ ఖాతాలో వేయకూడదు, ముందు చూసినదాని ఖాతాలో వేయాలి.

నవ్వుల ట్రాక్ లేకపోవడం కూడా నిదానంగా అనిపించడానికి ఒక కారణం. 1965లో అమెరికన్ టీవీ కామెడీ అంటే నవ్వుల ట్రాక్ ఉండాల్సిందే. షుల్జ్ ససేమిరా ఒప్పుకోలేదు. ట్రాక్ పెట్టాలంటే ప్రతి జోక్ తర్వాత ఒకటి రెండు సెకన్లు నవ్వు పట్టేంత చోటు వదలాలి, అంటే చోటెలాగూ ఉండేది, దాన్ని నవ్వు నింపేది. ట్రాక్ లేనందువల్ల కొన్ని జోకులు జోకులని తెలియకుండానే దాటిపోతాయి. పదులు, ఇరవైల నోట్లు పంపితే చాలని చార్లీ బ్రౌన్ చెల్లెలు సాలీ శాంటాకి ఉత్తరం రాయించే సీన్‌కి పెద్దవాళ్ళు నవ్వుతారు, పిల్లలు మామూలుగా వింటారు. ఇది లోపమా? నా లెక్కలో కాదు. ఇద్దరూ ఒకే గదిలో కూచుని రెండు వేర్వేరు సినిమాలు చూసే వీలు అక్కడే దొరికింది.

గొంతులు

అప్పటికి కార్టూన్లలో పిల్లల పాత్రలకి పెద్దవాళ్ళే గొంతు మార్చి చెప్పడం రివాజు. ఇక్కడ నిజంగా పిల్లల్నే పెట్టారు. చార్లీ బ్రౌన్ గొంతుకి తొమ్మిదేళ్ళు, లైనస్‌కి ఏడేళ్ళు, సాలీకి ఆరేళ్ళు. సాలీకి గొంతిచ్చిన పాపకి ఇంకా చదవడం రాదు, ఒక్కో ముక్కా చెప్పి, అనిపించి, రికార్డు చేసి, తర్వాత టేపు అతికించారు. మెక్సికోలో పుట్టిన మెలెండెజ్‌ ఇంగ్లీషులో స్పానిష్ యాస ఉండేది, తను చెప్పినదాన్ని పిల్లలు ఆ యాసతో సహా పట్టేస్తారేమోనన్న బెడద ఒకటి.

‘పిల్లలు అప్పజెబుతున్నట్టుంది’ అన్న అభిప్రాయం పుట్టింది ఈ అతుకుల్లోనే. ముక్కలుగా రికార్డు చేసిన వాక్యంలో మూడు తేడాలు దొరికిపోతాయి. ప్రతి ముక్కా కొత్త ఊపిరితో మొదలవుతుంది గనక మొదటి మాట మీద బరువు పడుతుంది. ముక్క చివర స్వరం దిగిపోతుంది, నిజానికి వాక్యం అక్కడ అయిపోదు. వరస టేకుల్లో మైకుకీ నోటికీ దూరం మారి శబ్దం పలచబడుతుంది. సాలీ మాటల్లో చెవిపెట్టి వింటే ఈ మూడూ ఉన్నాయి.

అయితే ఇదే గొంతు గురించి ‘నిజమైన పిల్లలు మాట్లాడినట్టుంది’ అని మెచ్చుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఇద్దరూ వింటున్నది ఒకే అతుకుని. కారణం రాత: ఈ పిల్లలు పెద్దల మాటలు మాట్లాడతారు, భయాలకి శాస్త్రీయ నామాలు చెబుతారు, క్రిస్మస్‌ని వ్యాపారంగా మార్చేశారని చర్చిస్తారు. ఆ మాటలు ఆరితేరిన నటి సాఫీగా పలికితే అతితెలివి పిల్లల గోల అయ్యేది. అర్థం తెలియకుండా అప్పజెబుతున్న గొంతులో వచ్చేసరికి ముద్దొచ్చింది.

పిల్లల గొంతు రికార్డు చేసేవాళ్ళు ఇక్కడినుంచి తీసుకోదగ్గది ఇది. వాక్యాన్ని విరవక తప్పకపోతే అర్థం విరిగే చోట విరవాలి, ఊపిరి ఆగే చోట కాదు. ముక్క అనిపించేటప్పుడు దాని ముందు మాట కూడా కలిపి అనిపించి, ఎడిటింగ్‌లో ఆ ముందు మాట కోసేయాలి, అప్పుడు మొదటి మాట మీద బరువు పడదు. చెప్పి చూపించే పెద్దమనిషి స్వరం లేకుండా చప్పగా చెప్పాలి, లేకపోతే ఆయన రాగమే ఆరుగురు పిల్లల నోటా వినిపిస్తుంది.

చార్లీ బ్రౌన్ కుక్క స్నూపీకి మాటలే లేవు. మెలెండెజ్ తనే ఏవో అర్థంలేని శబ్దాలు చేసి టేపు వేగం పెంచాడు. దీని మీద ఫిర్యాదు దాదాపు ఎవరూ చేయరు.

ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం)

విన్స్ గ్వరాల్డి శాన్ ఫ్రాన్సిస్కో జాజ్ పియానిస్టు. పియానో, బేస్, డ్రమ్స్, అంతే. ‘లైనస్ అండ్ లూసీ’ అన్న బాణీ అంతకుముందే మెండెల్సన్ తీసి అమ్ముకోలేకపోయిన డాక్యుమెంటరీ కోసం కట్టింది. ‘క్రిస్మస్ టైమ్ ఈజ్ హియర్’ మొదట మాటల్లేని బాణీ, రాసేవాళ్ళు దొరక్క మెండెల్సన్ తనే ఒక కవరు వెనక పావుగంటలో మాటలు రాసేశాడు. పాడింది కాలిఫోర్నియాలో శాన్ రఫేల్ ఊళ్ళోని సెయింట్ పాల్స్ ఎపిస్కోపల్ చర్చి పిల్లల బృందం. శ్రుతి అక్కడక్కడా జారిన టేకుల్ని కూడా ఉంచేశారు, అందుకే అది స్టూడియో కోరస్‌లా ఉండదు.

‘పాట బావుంది, కానీ ఏడుపొస్తోంది’ అన్నది దీని మీద చాలామంది అనే మాట. ఆ దిగులుకి కొలవదగ్గ కారణాలున్నాయి. నడక మూడు మాత్రల లయ, నిదానం. స్వరసమూహాలు మేజర్ సెవెన్త్‌లు, వినడానికి తియ్యగా ఉంటాయి గానీ పూర్తయినట్టు అనిపించవు. వాటి మీద శ్రుతికి కాస్త అటూ ఇటూగా పిల్లల గొంతులు. బొమ్మలో పిల్లలు ఆడుకుంటున్నారు, పాట మాటలు సంతోషంగానే ఉన్నాయి, దిగులు మొత్తం శ్రుతిలో ఉంది. చార్లీ బ్రౌన్ నోరు విప్పకముందే ప్రేక్షకుడికి అతని మనసు తెలిసిపోయింది.

నిదానం కూడా ఇక్కడ అక్కరకొచ్చింది. పియానో స్వరం మోగి, సన్నగిల్లి ఆగడానికి సమయం కావాలి. తెర మీద హడావిడి ఉంటే ఆ తోక వినిపించదు. కట్ చేసి వేగం పెంచిన కాపీల్లో సంగీతం ‘మామూలుగా ఉంది’ అన్నవాళ్ళది చెవి దోషం కాదు. ఈ సంగీతం ఆల్బమ్ 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది.

బొమ్మల్లో తప్పులు

ఇక్కడ తప్పుల్ని తప్పులనే ఒప్పుకోవాలి. చార్లీ బ్రౌన్ తెచ్చే చిన్న క్రిస్మస్ చెట్టుకి కొమ్మలు ఒక షాట్‌లో ఉన్నన్ని ఇంకో షాట్‌లో ఉండవు. చివర్లో పిల్లలంతా గుమిగూడి చేతులాడిస్తే ఆ మోడు చెట్టు గుబురుగా తయారవుతుంది, స్నూపీ ఇంటి నుంచి తీసిన అలంకరణలు ఎంత వేసినా అన్ని కొమ్మలు రావు. దాన్ని అద్భుతమనీ అనుకోవచ్చు, గడువు దగ్గరపడిందనీ అనుకోవచ్చు. పిల్లలు వేసే క్రిస్మస్ నాటకం రిహార్సల్ డాన్సులో ఒక్కో పాత్రకీ రెండు మూడు భంగిమల లూప్ ఒకటిచ్చి తిప్పారు: నారింజ చొక్కా కుర్రాడు తల వేలాడేస్తాడు, ఊదా గౌన్ల కవలలు తల ఊపుతారు. అవి పాట తాళానికి అన్నిసార్లూ కలవవు.

కానీ ప్రేక్షకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది, అనుకరించి ఆడేది ఆ డాన్సునే. ఒక్కో బొమ్మకీ ఒక్కటే కదలిక, అదీ పదే పదే రావడం వల్ల అయిదేళ్ళ పిల్లకి కూడా ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది. నిండుగా యానిమేట్ చేసిన డాన్సు చూసి మెచ్చుకుంటాం, లేచి ఆడలేం.

పాత్రల ఆకారమే యానిమేటర్‌కి కట్టుబాటు. తల పెద్దది, చేతులు పొట్టివి. చెయ్యెత్తితే తల మీదికి అందదు. తల పక్కకి తిప్పితే జుట్టు గీత ఎక్కడుండాలో తెలియదు, షుల్జ్ కాగితం మీద ఎక్కువగా కొన్ని కోణాల్లోంచే గీసేవాడు. అందుకే తల తిరగడం మధ్యలో బొమ్మలు లేకుండా టక్కున జరుగుతుంది. ‘గెంతుతోంది’ అన్నవాళ్ళు చూసింది దాన్నే. చార్లీ బ్రౌన్ చెయ్యలేని ప్రతిదీ స్నూపీ చేస్తాడు, అతని శరీరం ఎటు కావాలంటే అటు వంగుతుంది. చిన్న పిల్లల దృష్టి పడిపోతున్న ప్రతిచోటా స్నూపీ రావడం చూస్తే కూర్పులో లెక్క ఉందని తెలుస్తుంది.

వేదిక మీద ఒక్కడే

అభిప్రాయాలు నిట్టనిలువుగా చీలేది ఇక్కడ. నాటకం రిహార్సల్లో అందరూ చార్లీ బ్రౌన్ తెచ్చిన చెట్టుని చూసి నవ్వుతారు. క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని అతను అరుస్తాడు. నాకు తెలుసంటాడు లైనస్. వేదిక మధ్యకి వెళ్ళి, లైట్లు వేయమని, లూకా సువార్త 2వ అధ్యాయం 8 నుంచి 14 వచనాలు ఒప్పజెబుతాడు. ఇంచుమించు ఒక నిమిషం. సంగీతం లేదు. ఖాళీ వేదిక, ఒక వెలుగు, చేతిలో దుప్పటితో కుర్రాడు.

వ్యాపార టీవీలో, పండుగ అమ్మకాల కాలంలో సూటిగా బైబిల్ వాక్యం చదివించడానికి తోటివాళ్ళే వెనకాడారు. షుల్జ్ పట్టుబట్టాడు. మనం చేయకపోతే ఎవరు చేస్తారన్నది ఆయన వాదన.

మతంతో సంబంధం లేని ప్రేక్షకులు కూడా ఈ సీన్‌ని మెచ్చుకోవడానికి కారణాలు నిర్మాణంలో ఉన్నాయి. పదిహేను నిమిషాలకి పైగా అందరూ ఒకరి మాట ఒకరు తుంచుతూ, వాయిస్తూ, అరుస్తూ ఉన్నారు, ఇక్కడ మొదటిసారి ఒకడి మాటని చివరిదాకా ఎవరూ అడ్డుకోలేదు. ఇంకొకటి, అయిపోయాక లైనస్ ఎవరినీ తిట్టడు, పాఠం చెప్పడు. దుప్పటి తీసుకుని వచ్చి ఒక్క మాటంటాడు, అంతే. నచ్చనివాళ్ళ అభ్యంతరమూ న్యాయమైనదే: పండుగని వ్యాపారం చేశారన్న సమస్యకి వాక్యం చదవడం జవాబు ఎలా అవుతుందో కథ తర్కంతో చూపించలేదు, వాతావరణంతో ఒప్పించింది.

దూత ‘భయపడకుడి’ అన్న మాట దగ్గర లైనస్ దుప్పటి వదిలేస్తాడు. ఎప్పుడూ వదలని దుప్పటి అది. ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు కూడా ఎవరైనా చూపిస్తే తప్ప దీన్ని గమనించరు, గమనించాక ఆ సీన్ మీద అభిప్రాయమే మార్చుకుంటారు. మొదటి చూపులో వచ్చిన మాటనీ, పదో చూపులో వచ్చిన మాటనీ ఒకే బుట్టలో వేయకూడదనడానికి ఇంతకన్నా మంచి షాట్ దొరకదు.

పాత కార్టూన్, కొత్త ఫిర్యాదు

1965లో పెద్దగా వినిపించని అభ్యంతరం ఒకటి ఇవాళ గట్టిగా వినిపిస్తుంది: ఇది పిల్లల్ని ఏడిపించే కార్టూన్. అందరూ కలిసి ఒకణ్ణి వెక్కిరిస్తారు, చివర్లో కూడా క్షమించమని ఎవరూ అడగరు. చెట్టుని అలంకరించి క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతారు, అదే క్షమాపణ అనుకోవాలి. బడిలో ర్యాగింగ్, ఎగతాళి గురించి మాట్లాడటం మొదలయ్యాక పుట్టిన చూపు ఇది, కాదనడానికి లేదు. చిన్న పిల్లలకి చూపించే పెద్దలు ఈ చోటు దాటవేయకపోవడమే మంచిది. ‘వాళ్ళు సారీ చెప్పారా?’ అని అడిగితే ఆరేళ్ళ పిల్లలు కూడా సరైన జవాబే చెబుతారు.

కథలో లూసీ తెమ్మన్న అల్యూమినియం క్రిస్మస్ చెట్టు గురించి కూడా ఒక మాట జనంలో స్థిరపడింది, ఈ కార్టూన్ దెబ్బకి అల్యూమినియం చెట్ల వ్యాపారం కుప్పకూలిందని. విస్కాన్సిన్‌లోని మానిటోవాక్ ఊళ్ళో ఒక పేరున్న కంపెనీ 1959లో ‘ఎవర్‌గ్లీమ్’ అని ఇవి తెచ్చింది, దశాబ్దం గడిచేసరికి మోజు పోయింది. లోహపు చెట్టుకి కరెంటు దీపాలు చుడితే షాక్ ప్రమాదం, అందుకని పక్కన రంగులు తిరిగే దీపం పెట్టాల్సొచ్చేది. ఫ్యాషన్ మారడం, ఆకుపచ్చ ప్లాస్టిక్ చెట్లు మెరుగుపడటం కూడా ఉన్నాయి. కార్టూన్ ఒక తోపు తోసి ఉండొచ్చు, అంతా దానిమీదే వేయలేం. పైగా 1965లో అమెరికాలో రంగుల టీవీ ఉన్న ఇళ్ళు పదో వంతు కూడా లేవు. లూసీ అడిగిన గులాబీ రంగు చెట్టుని ఎక్కువమంది బూడిద రంగులో చూశారు. చార్లీ బ్రౌన్ ఒక చెట్టుని తడితే మోగే రేకు చప్పుడే వాళ్ళకి విషయం చెప్పింది.

తెలుగువాళ్ళ ముందు పెడితే

మంచు, స్కేటింగ్, చెట్ల బజారు మనకి దూరం. నాటకం రిహార్సల్ మాత్రం అస్సలు దూరం కాదు. డిసెంబర్‌లో ఏ ఊరి చర్చిలో చూసినా సండే స్కూల్ పిల్లలు తలకి తువ్వాలు చుట్టుకుని గొల్లలవుతారు, ఎవరికి మరియ వేషం అన్న తగువు ఉంటుంది, ఒకరు మైకు ముందు వాక్యం కంఠతా చెబుతారు. ఆ వాతావరణంలో పెరిగినవాళ్ళకి లైనస్ చేసేది వింతగా ఉండదు, వాళ్ళు పోల్చుకుని నవ్వుతారు. ఆ అనుభవం లేనివాళ్ళకి అది సినిమా మధ్యలో ఆగిన చోటు. రెండు గుంపుల అభిప్రాయాల్ని కలిపి సగటు తీస్తే ఏమీ మిగలదు.

సబ్‌టైటిల్స్ వేసేవాళ్ళు ఆ ఏడు వచనాలకి కొత్తగా అనువాదం చేయొద్దు. చర్చిల్లో చదివే తెలుగు బైబిల్లోని వాక్యమే పెట్టాలి: ‘సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమయు...’ మూలంలో పిల్లవాడు చెప్పేదీ పాతకాలపు ఇంగ్లీషే. మిగతా మాటలు మాత్రం పిల్లలు ఒకర్నొకరు అరేయ్, ఒసేయ్ అనుకునే భాషలో ఉండాలి. లూసీ తిట్లకి ‘మొద్దూ’ చాలు, అంతకన్నా ఘాటైనది వేస్తే పైన చెప్పిన ఏడిపింపు ఫిర్యాదు రెట్టింపవుతుంది, అది సబ్‌టైటిల్ చేసిన తప్పవుతుంది. ఒక వరస 35 అక్షరాలు దాటితే చదవడం ఆలస్యమై, ఖాళీల్లో బొమ్మ ముఖం చూసే సమయం పోతుంది.

అభిప్రాయం రాబట్టే పద్ధతి

25 నిమిషాలని 30 సెకన్ల చొప్పున 50 గళ్ళు గీసిన కాగితం ఒకటి చాలు. ఒక మనిషి తెర వైపు చూడకుండా ప్రేక్షకుల్నే చూస్తూ గళ్ళలో గుర్తులు పెట్టాలి: నవ్వు, కదలడం, ఫోన్ తీయడం, పక్కవాళ్ళతో మాట్లాడటం. ఫోన్ గుర్తులు మూడు గళ్ళ పాటు వరసగా వస్తే అది ల్యాగ్. ఒకే గడిలో వచ్చి పోతే అది వాట్సాప్.

అయిపోయాక ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బావుంది’ అంటారు, మొహమాటం. ముందుగా అడగాల్సింది ఇంతకుముందు చూశారా, చూస్తే ఎన్నేళ్ళప్పుడు అని. చిన్నప్పుడు చూసినవాళ్ళు ఎక్కువగా ఆ ఇంటినీ, ఆ సాయంత్రాన్నీ మెచ్చుకుంటారు, అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది. వాళ్ళ కాగితాలు వేరే పెట్టాలి. తర్వాతి ప్రశ్న, మీ చేతికిస్తే ఏ సీన్ తీసేస్తారు. మూడోది, రేపు ఎవరికైనా చెబితే ఏ సీన్ చెబుతారు. రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ ఒకే సీన్ జవాబుగా వస్తుంటే ఆ సీన్ జోలికి వెళ్ళొద్దు. ఈ కార్టూన్‌లో అలా వచ్చే అవకాశం ఎక్కువున్నది వేదిక సీన్‌కే.

పిల్లల్నీ పెద్దల్నీ విడివిడిగా కూచోబెట్టాలి. పెద్దలు నవ్విన చోట పిల్లలు అర్థంకాకపోయినా నవ్వుతారు, గళ్ళన్నీ పాడవుతాయి. స్పీకర్ శబ్దం సంగీతానికి సరిపడా పెడితే మాటలు గట్టిగా ఉంటాయి, మాటలకి తగ్గిస్తే పియానో మాయమవుతుంది. లైనస్ మాటలు హాల్లో వెనక వరసకి వినపడేలా మొదట సరిచేసుకుని ఇక ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం తెచ్చేది కాపీ. 1965లో అరగంట స్లాటులో 25 నిమిషాల కార్యక్రమం పట్టేది, తర్వాత ప్రకటనలు పెరిగి 22 నిమిషాలకి అటూ ఇటూ మాత్రమే మిగిలింది. సీబీఎస్ తర్వాత 2001 నుంచి ఏబీసీ ఛానెల్ వేసింది, కోతలు పడ్డాయి, తర్వాత గంట స్లాటు ఇచ్చి మిగిలిన చోటు వేరే ముక్కతో నింపారు. ఇలాంటి కోతలో ముందు పోయేవి కథని నడపని సీన్లు, అంటే ఈ కార్టూన్‌లో ఊపిరి పీల్చుకునే చోట్లు. మొదటి ప్రసారంలో స్పాన్సర్ గుర్తులు కూడా ఉండేవి, స్కేటింగ్ సీన్‌లో స్నూపీ దుప్పటితో విసిరితే లైనస్ వెళ్ళి కోకా కోలా బోర్డుకి కొట్టుకుంటాడు. తర్వాతి కాపీల్లో అది తీసేశారు, అందుకే ఆ విసురు ఎటూ తేలకుండా ఆగిపోయినట్టుంటుంది. ‘ఎడిటింగ్ సరిగా లేదు’ అని ఆ చోటు చూపించే ప్రేక్షకుడి కన్ను మంచిదే. చూపించేవాళ్ళు ఫైల్ నిడివి ముందే చూసుకుని, కాగితం పైన రాసిపెట్టాలి. 25కి బదులు 22 నిమిషాల కాపీ మీద వచ్చిన మాటలు వేరే కార్టూన్ మీద వచ్చినట్టే.

2020లో హక్కులు ఆపిల్ టీవీ ప్లస్‌కి వెళ్ళినప్పుడు వచ్చిన గొడవలో మాత్రం కార్టూన్ లోపలి సంగతి ఏదీ లేదు. పూర్తి నిడివి కాపీ, శుభ్రమైన రంగులు, ప్రకటనల కోత లేదు. అయినా జనం సంతకాలు సేకరించారు, ఎందుకంటే ఫలానా రాత్రి అందరి ఇళ్ళలో ఒకేసారి రావడం ఆగిపోయింది. దాంతో ఆ ఏడాదీ, 2021లోనూ పీబీఎస్ అనే ప్రజా ఛానెల్లో ప్రకటనలు లేకుండా వేశారు. తర్వాత డిసెంబర్‌లో కొన్ని రోజులు ఆపిల్‌లోనే చందా లేకుండా చూడనిచ్చారు.